అమెరికా చలికాలంలో కరివేపాకు: గ్రో టెంట్‌లో వేడి, తేమ అదుపు చేసే పద్ధతి

న్యూజెర్సీలోనో షికాగోలోనో ఎండాకాలమంతా డెక్ మీద గుబురుగా పెరిగిన కరివేపాకు మొక్కను అక్టోబరులో ఇంట్లోకి తెస్తే సంక్రాంతికల్లా మోడైపోతుంది. ముందు కింది ఆకులు పసుపు తిరుగుతాయి, తర్వాత చెయ్యి తగిలితే చాలు రాలిపోతాయి. నీళ్లు చాలలేదేమోనని ఇంకో చెంబు పోస్తారు. చాలా మొక్కలు ఆ చెంబుతోనే పోతాయి.

ఇంట్లో దానికి మూడు దెబ్బలు ఒకేసారి తగులుతాయి: వెలుతురు తగ్గుతుంది, కుండీలో మట్టి చల్లబడుతుంది, గాలి ఎండిపోతుంది. గాలి సంగతి లెక్కలో చూస్తే బాగా తెలుస్తుంది. బయట 0 డిగ్రీల చలిలో 80 శాతం తేమ ఉన్న గాలినే లోపలికి తెచ్చి 21 డిగ్రీలకు వేడి చేస్తే, అది 20 శాతం తేమ గాలి అవుతుంది. అందులోని నీటి ఆవిరి ఎక్కడికీ పోలేదు, వేడెక్కిన గాలికి దాహం పెరిగిందంతే. ఆ దాహం తీర్చాల్సిన భారం ఆకుల మీద పడుతుంది. వేళ్లు చల్లగా ఉండి నీరు లాగలేవు. అప్పుడు మొక్క ఆకులు వదులుకుంటుంది.

ఈ మూడింటినీ ఒక్కచోట సరిచేయడానికి గ్రో టెంట్, అంటే లోపల లైటు పెట్టి మొక్కలు పెంచే జిప్పుల గుడ్డ గుడారం, మంచి ఉపాయం. ఒక చిక్కుంది. టెంట్ల గురించి దొరికే సలహాల్లో చాలావరకు పెద్ద లైట్లతో ఉడికిపోయే టెంట్లకోసం చెప్పినవి. లోపలి గాలిని బయటికి తోసే ఎగ్జాస్ట్ ఫ్యాను ఎప్పుడూ తిరుగుతూనే ఉండాలంటాయి. చల్లని బేస్‌మెంట్‌లో రెండు మూడు కరివేపాకు కుండీలున్న టెంట్‌కు ఆ మాట విన్నారంటే, ఎంత పెద్ద హ్యూమిడిఫయర్ (గాలికి తేమ పట్టించే యంత్రం) పెట్టినా తేమ నిలవదు. కింద చెప్పే పద్ధతికి ఫ్యానును కట్టడి చేయడమే ఆయువుపట్టు.

(డిగ్రీలన్నీ సెల్సియస్. అవసరమైన చోట పక్కన ఫారన్‌హీట్ ఉంది.)

ఏ అంకెల కోసం పనిచేస్తున్నాం

లైటు వెలిగే వేళ గాలి 24–26 డిగ్రీలు (75–79 ఫారన్‌హీట్), తేమ 55–65 శాతం. లైటు ఆరిన వేళ గాలి 18–20 డిగ్రీలు (65–68 ఫారన్‌హీట్), తేమ 75 శాతం దాటకూడదు. మట్టి ఎప్పుడూ 22–24 డిగ్రీలు. గాలి 15–16 డిగ్రీలకు దిగిందంటే కరివేపాకు నిద్రలోకి జారుకుంటుంది, చిగురు ఆగిపోతుంది.

వేడిని, తేమను విడివిడిగా చూడకండి. మొక్కకు తెలిసేది రెంటి మధ్య ఉండే ఆవిరి లోటు, అంటే గాలి ఇంకా ఎంత ఆవిరిని పీల్చుకోగలదన్నది. 24 డిగ్రీల గాలి నిండా ఆవిరి పట్టుకుంటే దాని పీడనం 2.98 కిలోపాస్కల్. తేమ 60 శాతం ఉంటే లోటు సుమారు 1.2. అదే వేడిలో తేమ 25 శాతమే ఉంటే లోటు 2.2, అంటే ఆకు మీద లాగుడు దాదాపు రెట్టింపు. కరివేపాకుకు 0.8 నుంచి 1.3 దాకా హాయి. టెంట్ 28 డిగ్రీలకు ఎక్కితే పాత 60 శాతం సరిపోదు, 65–70 కావాలి. వేడి పెంచిన ప్రతిసారీ తేమ కూడా చూసుకోవాలి అనడానికి కారణం ఇదే.

కావాల్సిన సామాను

రెండు మూడు కుండీలకు 3 అడుగుల పొడవు, 3 అడుగుల వెడల్పు, 6 అడుగుల ఎత్తు టెంట్ చాలు. వెలుగు తగ్గించుకునే నాబ్ ఉన్న 150 వాట్ల ఎల్‌ఈడీ లైటు. ఎగ్జాస్ట్‌కు, వేగం మార్చుకోగల 4 అంగుళాల ఇన్‌లైన్ ఫ్యాను. గాలి తిప్పడానికి 6 అంగుళాల క్లిప్ ఫ్యాను. 4 లీటర్ల హ్యూమిడిఫయర్. కరెంటు పోయి వస్తే తనంతట తాను మళ్లీ మొదలయ్యే రకమే కొనండి, ఎందుకంటే తేమ చూసి సామాను నడిపే కంట్రోలర్ దాన్ని సాకెట్ దగ్గరే ఆపి వెలిగిస్తుంది. డిజిటల్ బటన్ నొక్కితే తప్ప తిరగని హ్యూమిడిఫయర్ కంట్రోలర్‌తో పనిచేయదు, చాలామంది డబ్బు ఇక్కడే దండగవుతుంది.

ఇవి కాక: సెన్సర్‌తో తేమ కొలిచే రెండు సాకెట్ల కంట్రోలర్ ఒకటి (హ్యూమిడిఫయర్‌కూ ఫ్యానుకూ), మట్టిలో గుచ్చే ప్రోబ్ ఉన్న థర్మోస్టాట్‌తో 45 వాట్ల హీట్ మ్యాట్ (కుండీల కింద పరిచే వేడి చాప), 1 అంగుళం మందం ఫోమ్ బోర్డు, 15 నిమిషాలకోసారి ఆన్ చేయగల సైకిల్ టైమర్, కనిష్ఠ గరిష్ఠ అంకెలు గుర్తుంచుకునే థర్మామీటరు. వాసన సమస్య లేదు కాబట్టి కార్బన్ ఫిల్టర్ కొనక్కర్లేదు.

లోపలికి తెచ్చే ముందు

రాత్రి 10 డిగ్రీలకు (50 ఫారన్‌హీట్) దిగకముందే మొక్కను తేవాలి. తెచ్చే ముందు హోస్‌తో ఆకుల అడుగు వైపు గట్టిగా కడగండి. కాడల మీద గోధుమరంగు బొడిపెల్లా స్కేల్ పురుగు ఉంటే గోటితో గీకేయండి. టెంట్‌లో పురుగుల్ని తినే పురుగులుండవు, వాన ఉండదు, కాబట్టి పది పురుగులు వస్తే నెలకు వేలవుతాయి. కొత్త మొక్క కొంటుంటే ఇంకో మాట. కరివేపాకు నిమ్మ కుటుంబానిది. నారింజ తోటల్ని చంపే హువాంగ్‌లాంగ్‌బింగ్ తెగులును మోసే సిట్రస్ సిల్లిడ్ అనే పురుగు దీని మీద కూడా పెరుగుతుంది. అందుకే ఫ్లోరిడా, టెక్సస్, కాలిఫోర్నియాల్లోని క్వారంటైన్ ప్రాంతాల నుంచి మొక్కను బయటికి తేవడంపై ఆంక్షలున్నాయి. ప్రయాణంలో సూట్‌కేసులో వేసుకుని తేకండి.

టెంట్ నిలబెట్టడం

బయటి గోడకు ఆనించకుండా కనీసం ఒక అడుగు దూరంలో పెట్టండి. కాంక్రీట్ నేల మీద నేరుగా టెంట్ వేయకూడదు. ముందు ఫోమ్ బోర్డు, దాని మీద టెంట్, లోపల హీట్ మ్యాట్, దాని మీద కుండీలు. బోర్డు లేకపోతే మ్యాట్ ఇచ్చే వేడిలో ఎక్కువ భాగం నేలలోకే పోతుంది.

లైటును ఆకుల పైనుంచి 14–18 అంగుళాల ఎత్తులో వేలాడదీసి, మొదటి వారం సగం వెలుగుతో, తర్వాత పూర్తి వెలుగుతో రోజుకు 14 గంటలు వెలిగించండి. లైటు తాగే కరెంటంతా చివరికి వేడే అవుతుంది. ఈ సైజు టెంట్‌ను 150 వాట్ల లైటు చుట్టుపక్కల గది కంటే సుమారు 5 డిగ్రీలు పైకి లేపుతుంది. బేస్‌మెంట్ 18–19 డిగ్రీలుంటే పగటి వేడి మీకు ఉచితంగా వచ్చినట్టే. టెంట్ 22 డిగ్రీల పడకగదిలో ఉంటే 27–28కి ఎక్కుతుంది. అప్పుడు ఫ్యాను వేగం పెంచకుండా లైటు నాబ్ తగ్గించండి, డ్రైవర్ (లైటుకు కరెంటు సరిచేసి ఇచ్చే పెట్టె) విడిగా తీయగలిగే లైటైతే దాన్ని టెంట్ బయట బిగించండి.

స్పేస్ హీటర్‌ను టెంట్ లోపల ఎప్పుడూ పెట్టకండి. గుడ్డ గోడలు, ఆకులు, తడి, కరెంటు, నిప్పంటి వేడి ఒక్కచోట ఉండకూడదు. గది మరీ చల్లగా ఉంటే నూనె నింపిన రేడియేటర్‌ను గదిలో, టెంట్‌కు మూడడుగుల దూరంలో పెట్టి గోడ సాకెట్‌కే నేరుగా గుచ్చండి. 1500 వాట్ల హీటర్ 120 వోల్టుల మీద 12.5 ఆంపియర్లు లాగుతుంది. చిన్న ప్లగ్ కంట్రోలర్లలో చాలావాటి పరిమితి 10 ఆంపియర్లే, అవి కాలిపోతాయి. టెంట్‌లోని మిగతా సామానంతా జీఎఫ్‌సీఐ సాకెట్ (షాక్ తగలకుండా కరెంటును తనంతట తానే తెంచే రకం) నుంచి రావాలి, పవర్ స్ట్రిప్ నేల మీద కాకుండా టెంట్ కడ్డీకి పైన కట్టి ఉండాలి. ప్రతి తీగ సాకెట్ కంటే కిందికి ఒక వంపు తిరిగి పైకి వెళ్లాలి. తీగ వెంట జారిన నీటిబొట్టు ఆ వంపు దగ్గరే రాలిపోతుంది.

సెన్సర్ నిజం చెబుతోందా?

చవక సెన్సర్లు అయిదు శాతం అటూ ఇటూ చూపడం మామూలే. వంటింటి ఉప్పుతో సరిచూడొచ్చు. సీసా మూతలో ఉప్పు పోసి, కొన్ని చుక్కల నీళ్లు చిలకరించండి. తడి ఇసుకలా ముద్ద కట్టాలి, పైన నీరు తేలకూడదు. ఆ మూతనూ సెన్సర్‌నూ కలిపి జిప్ కవర్లో పెట్టి, గాలి మిగిల్చి, గట్టిగా మూసి, ఎండ తగలని చోట 8–12 గంటలు వదిలేయండి. తడి ఉప్పు పైన గాలి 75 శాతం దగ్గర నిలబడుతుంది. మీ సెన్సర్ 71 చూపితే అది నాలుగు తక్కువ చెబుతోందన్నమాట. కంట్రోలర్‌లో సవరణ సెట్టింగ్ ఉంటే నాలుగు కలపండి, లేకపోతే కాగితం మీద రాసి టెంట్‌కు అంటించండి.

వేలాడదీసే చోటు కూడా అంతే ముఖ్యం. ఆకుల ఎత్తులో, టెంట్ మధ్యలో ఉండాలి. లైటు నేరుగా పడితే వేడి ఎక్కువ చూపుతుంది, హ్యూమిడిఫయర్ వదిలే పొగమంచు తగిలితే 95 శాతం చూపుతుంది. తెల్ల కాగితపు కప్పు అడుగు కత్తిరించి, ఆ గొట్టంలో సెన్సర్‌ను దారంతో వేలాడదీస్తే గాలి ఆడుతుంది, లైటు తగలదు.

ఫ్యానును కట్టడి చేయడం

బేస్‌మెంట్ గాలి 18 డిగ్రీలు, 35 శాతం తేమ అనుకుందాం. అందులో ఘనపు మీటరుకు 5.4 గ్రాముల నీరుంటుంది. టెంట్‌లో మనకు కావాల్సింది 24 డిగ్రీలు, 60 శాతం. అంటే 13 గ్రాములు. తేడా 7.7 గ్రాములు. మన టెంట్ మొత్తం గాలి ఒకటిన్నర ఘనపు మీటరే. అంటే టెంట్‌ను ఒకసారి తేమతో నింపడానికి కావాల్సింది 11–12 గ్రాముల నీరు, రెండు చెంచాలకు కొంచెం ఎక్కువ!

ఇప్పుడు ఫ్యానును నెమ్మదిగా, నిమిషానికి 50 ఘనపు అడుగుల చొప్పున ఆగకుండా తిప్పండి. గంటకు 85 ఘనపు మీటర్ల గాలి బయటికి పోతుంది, దానితో 650 మిల్లీలీటర్ల నీరు కూడా. 4 లీటర్ల ట్యాంకు ఆరు గంటల్లో ఖాళీ. నీరు ఆవిరయ్యేటప్పుడు వేడిని కూడా లాక్కుంటుంది కాబట్టి టెంట్ చల్లబడుతుంది. పెద్ద హ్యూమిడిఫయర్ కొన్నవాళ్లకు తేమ 40 దాటకపోవడం, పైగా నేలంతా తడవడం ఇందువల్లే.

అందుకే ఫ్యానును రెండు పనులకే వాడండి. ఒకటి, సైకిల్ టైమర్ మీద 15 నిమిషాలకోసారి ఒక్క నిమిషం, కనిష్ఠ వేగంలో. కనిష్ఠ వేగం 40 ఘనపు అడుగులైతే సగటు నిమిషానికి మూడు ఘనపు అడుగుల లోపే పడుతుంది. తేమ నష్టం గంటకు సుమారు 35 మిల్లీలీటర్లు, రోజుకు లీటరు లోపు. జిప్పుల సందుల నుంచి మరికొంత పోతుంది. రెండు మూడు మొక్కలకు కావాల్సిన తాజా గాలి దీనితో అందుతుంది. రెండు, తేమ 70 శాతం దాటినప్పుడు కంట్రోలర్ ఫ్యానును తిప్పి 65కు దించుతుంది. ఒకే ఫ్యాను టైమర్‌కూ కంట్రోలర్‌కూ లోబడాలంటే, టైమర్ మోడ్ కూడా ఉన్న కంట్రోలర్ కొనడం తేలిక. లేదా తేమ పని ఫ్యానుకు వదిలి, నిమిషం గాలి కోసం రోజుకు మూడుసార్లు జిప్పు తీసి మొక్కను చూడండి. ఈ రెండోది కూడా బాగా నడుస్తుంది.

హ్యూమిడిఫయర్ 55 వద్ద మొదలై 62 వద్ద ఆగేలా పెట్టండి. ఇది ఆగే అంకెకూ ఫ్యాను మొదలయ్యే అంకెకూ మధ్య కనీసం అయిదారు శాతం ఎడం ఉండాలి. ఎడం లేకపోతే ఒకటి తేమ పోస్తుంటే ఇంకోటి బయటికి తోస్తూ రాత్రింబవళ్లు కొట్టుకుంటాయి.

గాలి లోపలికి వచ్చే కింది కిటికీ ఒక్కటే, సగం తెరవండి. మిగతావన్నీ తాడు బిగించి మూయండి. బయటికి పోయే గాలిని ఇంటి బయటికో అటిక్‌లోకో పంపకండి, అదే గదిలోకి వదిలేయండి; వేడి మిగులుతుంది. గది కిటికీ అద్దాల మీద నీరు పట్టడం మొదలైతే మాత్రం టెంట్ తేమ అయిదు శాతం తగ్గించండి.

హ్యూమిడిఫయర్ పెట్టే తీరు

టెంట్ పక్కన స్టూలు మీద పెట్టి, గొట్టంతో పొగమంచును లోపలికి, ఆకుల పైభాగానికి, క్లిప్ ఫ్యాను ఎదురుగా వచ్చేలా చేయండి. గొట్టం మధ్యలో సాగిలపడితే అక్కడ నీరు నిలిచి దారి మూసుకుపోతుంది. మొదటినుంచి చివరిదాకా పైకే ఏటవాలుగా ఉండాలి. క్లిప్ ఫ్యాను పగలూ రాత్రీ తిరగాలి, ఆకులు అల్లాడకుండా సన్నగా వణికితే చాలు.

ప్రకంపనలతో నీటిని పొగమంచు చేసే అల్ట్రాసోనిక్ రకంలో కొళాయి నీళ్లు పోస్తే నీటిలోని సున్నం తెల్ల పొడిగా ఆకుల మీదా, లైటు మీదా, సెన్సర్ మీదా పేరుకుంటుంది. డిస్టిల్డ్ నీళ్లో ఆర్‌ఓ నీళ్లో వాడండి. నీళ్లు కొనే బాధ వద్దనుకుంటే వత్తితో ఆవిరి చేసే రకం మేలు, దాని నుంచి పొడి రాదు. ఏ రకమైనా మూడు రోజులకోసారి పూర్తిగా ఖాళీ చేసి, వారానికోసారి తెల్ల వెనిగర్‌తో కడగాలి. ట్యాంకు లోపలి గోడ వేలికి జిగురుగా తగిలిందంటే ఆ జిగురు గాలిలోకి కూడా వెళ్తోందన్నమాట.

మొక్కకు పోసే నీటిలో దాదాపు అంతా ఆకుల ద్వారా గాలిలోకే వస్తుంది. రెండు మొక్కలు రోజుకు అర లీటరు తాగితే ఆ అర లీటరు మీ లెక్కలో కలుస్తుంది. జనవరిలో గుబురు పెరిగాక హ్యూమిడిఫయర్ పని తగ్గడం మీకే కనిపిస్తుంది.

లైటు ఆరిన గంట

అన్నిటికంటే ప్రమాదం ఈ వేళే. 24 డిగ్రీలు, 60 శాతం ఉన్న గాలి 18 డిగ్రీలకు చల్లబడితే, ఒక్క చుక్క నీరు కలపకుండానే తేమ 85 శాతమవుతుంది. ఆ గాలికి మంచు పట్టే ఉష్ణోగ్రత 16 డిగ్రీల దగ్గర. అంతకంటే చల్లగా ఉన్న టెంట్ గోడ, కడ్డీ, కింది మూలలు తడుస్తాయి. ఆ తడి నెలరోజులుంటే బూజు పడుతుంది.

లైటు ఆరడానికి గంట ముందే హ్యూమిడిఫయర్ ఆగేలా దాని ప్లగ్‌కు టైమర్ పెట్టండి. లైటు ఆరగానే ఫ్యాను 15 నిమిషాలు ఆగకుండా తిరగనివ్వండి. రాత్రంతా ఫ్యాను 75 శాతం వద్ద మొదలయ్యేలా ఉంటే చాలు. టెంట్ గ్యారేజీలాంటి చలిగదిలో ఉంటే లైటునే రాత్రికి మార్చండి: సాయంత్రం 8కి వెలిగి ఉదయం 10కి ఆరితే, గది అతి చల్లగా ఉండే వేళ లైటు వేడి అందుతుంది. మొక్కకు ఏది పగలైనా ఒకటే.

వేళ్ల వెచ్చదనం, నీళ్లు

హీట్ మ్యాట్ థర్మోస్టాట్ ప్రోబ్‌ను మట్టిలో మూడు అంగుళాల లోతున, కుండీ అంచుకూ కాండానికీ మధ్య గుచ్చి 24 డిగ్రీలకు పెట్టండి. ప్రోబ్ జారి బయట పడితే మ్యాట్ గాలిని కొలుస్తూ ఆగకుండా కాలుతుంది, వేళ్లు ఉడుకుతాయి; తీగను కుండీ అంచుకు టేపు వేసి బిగించండి.

పైన రెండు అంగుళాల మట్టి ఆరాకే నీళ్లు, అదీ గోరువెచ్చగా. అడుగున కొంచెం కారేదాకా పోసి, అరగంటలో పళ్లెంలోని నీరు తీసేయండి. 3 గ్యాలన్ల కుండీకి టెంట్‌లో సాధారణంగా 4–7 రోజులకోసారి పడుతుంది. రోజుల లెక్క కంటే కుండీ బరువు నమ్మండి: నీళ్లు పోసిన వెంటనే ఒకసారి ఎత్తి చూస్తే, ఆరినప్పటి బరువు చేతికే తెలుస్తుంది. దొడ్లో కరివేపాకు మొదలు దగ్గర పుల్లటి మజ్జిగ పోయడం మన ఇళ్లలో అలవాటు. టెంట్‌లో ఆ పని చేయకండి. ఎండా వానా లేని చోట అది పులిసి కంపు కొడుతుంది, నల్ల ఈగలు ముసురుతాయి.

ఆకు చెప్పే గుర్తులు

కింది ఆకులు పసుపు తిరిగి, మట్టి తడిగానే ఉంటే వేళ్లు చల్లగా ఉన్నట్టు. నీళ్లు ఆపి మ్యాట్ చూడండి. ఆకు కొనలు గోధుమరంగుకు మారి పెళుసెక్కితే గాలి పొడిగా ఉంది, లేదా మట్టిలో ఉప్పులు పేరుకున్నాయి. ఒకసారి కుండీ పరిమాణానికి రెట్టింపు మంచినీళ్లు పోసి కడిగేస్తే రెండోది తీరుతుంది. పచ్చగా ఉన్న ఆకులే ఒక్కరోజులో రాలితే చలిగాలి తగిలింది. తలుపు, కిటికీ వెతకండి.

ఆకు మీద సూదితో గుచ్చినట్టు సన్నని లేత చుక్కలుంటే ఎర్రనల్లి. ఇది పొడి, వేడి గాలిలోనే చెలరేగుతుంది. తెల్ల కాగితాన్ని రెబ్బ కింద పట్టి రెండుసార్లు తట్టండి. రాలిన దుమ్ములో కదిలే చుక్కలుంటే అదే. మొక్కను షవర్ కింద పెట్టి ఆకుల అడుగున కడగండి, నాలుగు రోజులకోసారి నాలుగుసార్లు. తేమ 65 దగ్గర ఉంచండి. మందులు కొట్టకుండా నీటితో తీర్చగలిగితే ఆ రెబ్బను అదేరోజు పోపులో వేసుకోవచ్చు.

ఏ అంకె మార్చినా ఒక్కటే మార్చి, 24 గంటలు ఆగి, కనిష్ఠ గరిష్ఠాలు రాసుకుని, అప్పుడు ఇంకోటి ముట్టుకోండి. మొదటి వారం ఓపిక పట్టాలి.

మళ్లీ బయటికి

మే నెలలో రాత్రులు వరుసగా 13 డిగ్రీలు (55 ఫారన్‌హీట్) దాటాక మొదలుపెట్టండి. చివరి పది రోజుల్లో టెంట్ తేమను 65 నుంచి 45కు మెల్లగా దించండి, తలుపు జిప్పు పగలంతా తెరిచి ఉంచండి. తర్వాత నీడలో రెండు గంటలు, మరునాడు మూడు, అలా వారానికి పూర్తి పగలు. నేరుగా ఎండ చివరి మూడు రోజుల్లోనే, అదీ ఉదయపు ఎండ. ఎల్‌ఈడీ కింద పెరిగిన ఆకు మొదటిరోజే మధ్యాహ్నపు ఎండలో పడితే తెల్లగా కాలిపోతుంది. మొక్కలు బయటికి వెళ్లిన రోజే హ్యూమిడిఫయర్ ఖాళీ చేసి, గొట్టం విప్పి ఎండబెట్టి, టెంట్ లోపలి గోడలు వెనిగర్ నీళ్లతో తుడిచి, పూర్తిగా ఆరాకే మడత పెట్టండి.